కర్నూలులో పరుగుకు మంచి దారులు: నది పక్కన, కాలువ గట్టు మీద, గుట్ట మీద

కొత్తగా_వచ్చా
అందరికీ నమస్కారం. సీ క్యాంపు దగ్గర ఉంటాను. హాఫ్ మారథాన్‌కి (21 కి.మీ. పోటీ) తయారవుతున్నా, వారానికి నాలుగు రోజులు పరుగు. స్టేడియంలో రౌండ్లు కొట్టడం విసుగొచ్చింది. నది ఒడ్డు ఊరు కదా, నీళ్ళు చూస్తూ 8 నుంచి 18 కి.మీ. దాకా పరుగెత్తే దారులు ఎక్కడున్నాయో చెప్పగలరా? మ్యాప్‌లో చూస్తే ఒక ఘాటుకి ఇంకో ఘాటుకి దారి కలిసినట్టు లేదు. తారు రోడ్డే కావాలని లేదు. ఉదయం 5కే బయల్దేరగలను.

తుంగతీరం
మీరు మ్యాప్‌లో చూసింది నిజమే. తుంగభద్ర ఒడ్డు వెంబడి తెగకుండా సాగే దారి కర్నూలులో లేదు. 2020 పుష్కరాలకి సంకల్‌బాగ్, రాంభొట్ల గుడి, మునగాలపాడు, పంచలింగాల ఇలా ఘాట్లు కట్టారు. దేనికది విడిగా ఉంటుంది. మధ్యలో ఇళ్ళు, తోటలు, మురుగు కాలువలు. ఒక ఘాటు నుంచి ఇంకో ఘాటుకి పోవాలంటే మళ్ళీ ఊళ్ళోకొచ్చి పోవాల్సిందే.

అందుకే నది పక్కన పరుగు అనే ఆలోచన కాసేపు పక్కన పెట్టి, కాలువ పక్కన పరుగు అనుకోండి. కర్నూలు–కడప కాలువ తుంగభద్ర మీది సుంకేసుల బ్యారేజీ దగ్గర మొదలై ఊళ్ళోంచే పోతుంది, హంద్రీ నదిని అక్విడక్టు (కాలువని మోసే వంతెన) మీద దాటుతుంది. మొత్తం పొడవు 306 కి.మీ. మనకి కావాల్సింది ఊరి నుంచి సుంకేసుల వైపు, అంటే ఎగువకి పోయే గట్టు. వినాయక ఘాటు దాటి, మామిదాలపాడు, మునగాలపాడు వైపు. ఊరు వదిలాక ఒక పక్క నీళ్ళు, ఇంకో పక్క వరి మళ్ళు, అక్కడక్కడ చెట్ల సందుల్లోంచి నది. 8 కావాలంటే 4 పోయి వెనక్కి తిరగండి, 18 కావాలంటే 9 పోయి తిరగండి.

గట్టుమీద_గాలి
తుంగతీరం అన్న చెప్పిందానికి కొంచెం కలుపుతా. కాలువకి రెండు గట్లుంటాయి, రెండూ ఒకటి కాదు. ఇరిగేషన్ వాళ్ళ జీపు, లస్కర్ల (కాలువ చూసుకునే పనివాళ్ళ) బైకు తిరిగే గట్టు వెడల్పుగా, గ్రావెల్ పోసి గట్టిగా ఉంటుంది. ఎదుటిది సన్నం, కంప చెట్లు లోపలికి వాలి ఉంటాయి. దూరం నుంచి రెండూ ఒకేలా కనిపిస్తాయి. సన్నగట్టు ఎక్కినోళ్ళు కిలోమీటరు పోయాక కంపలో ఇరుక్కుంటారు, కాలువ దాటాలంటే మళ్ళీ వంతెన దాకా వెనక్కి రావాలి. పోవడం, రావడం రెండూ వెడల్పు గట్టు మీదే పెట్టుకోండి. రౌండు కొట్టాలన్న మోజు వద్దు.

తూముల దగ్గర చూసి అడుగు వేయండి. నీళ్ళు పొలంలోకి వదిలే చోట గట్టు కింద పైపో, చిన్న కల్వర్టో ఉంటుంది. దాని మీద కాంక్రీటు చప్టా పగిలి, ఇనుప చువ్వ వేలెడంత పైకి తేలి ఉంటుంది. తలుపు ఎత్తే మర కడ్డీ మోకాలి ఎత్తులో అడ్డంగా నిలబడి ఉంటుంది. చీకట్లో టార్చి వెలుగు ముందుకే ఉంటుంది కాబట్టి రెండూ ఆఖరి అడుగులో గాని కనిపించవు. ప్రతి తూము దగ్గరా నాలుగడుగులు నడిచి దాటడం అలవాటు చేసుకుంటే సరిపోతుంది.

మ్యాప్_పిచ్చి
దారి పేరు చెప్పడం ఒకటి, దారి వెతుక్కోవడం ఇంకొకటి. రెండోది వస్తే ఏ ఊరెళ్ళినా పనికొస్తుంది కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నా.

గూగుల్ ఎర్త్ కంప్యూటర్‌లో వేసుకోండి, ఫోన్‌లో కాదు. అందులో పాత చిత్రాలు చూపించే గడియారం బొమ్మ ఉంటుంది. ఒకే చోటుని ఏప్రిల్‌లో తీసిన చిత్రంలో, సెప్టెంబరు, అక్టోబరుల్లో తీసిన చిత్రంలో చూడండి. రెండింటిలోనూ తెల్లటి గీత అలాగే ఉంటే అది ఏడాది పొడవునా బళ్ళు తిరిగే దారి. ఏప్రిల్‌లో గీత ఉండి, సెప్టెంబరులో పచ్చగా మూసుకుపోతే వానాకాలంలో అక్కడ మోకాలెత్తు గడ్డి. గడ్డంటే ఎలుకలు, ఎలుకలంటే పాములు. ఆ దారిని జనవరి నుంచి మే దాకా ఖాతాలో వేసుకోండి.

నది ఇసుకలో కనిపించే గీతల్ని నమ్మొద్దు. అవి ఇసుక ట్రాక్టర్లు తొక్కిన జాడలు. ఒక్క వరదకి చెరిగిపోతాయి, వాటి పక్కన తవ్విన గుంతలు మాత్రం నీళ్ళ కింద మిగులుతాయి.

స్ట్రావా హీట్‌మ్యాప్ (ఆ పరుగు యాప్ వాడేవాళ్ళు ఎక్కువగా తిరిగిన దారుల్ని మందంగా చూపే మ్యాప్) చూడమని అందరూ అంటారు. పెద్ద ఊళ్ళల్లో అది బాగా పనిచేస్తుంది. మన ఊళ్ళో వాచీ పెట్టుకుని పరుగెత్తేవాళ్ళు కొద్దిమందే, కాబట్టి గీత లేదంటే దారి లేదని అర్థం కాదు. హైవే మీద మందంగా కనిపించే గీత సైకిలు వాళ్ళది, దాన్ని చూసి పరుగుకి పోవద్దు.

ఇక దూరం. కాలువ భూమి వాలుని పట్టుకుని మెలికలు తిరుగుతుంది. మ్యాప్ మీద నాలుగు చుక్కలు పెట్టి గీత గీస్తే మెలికలు కోసుకుపోయి దూరం తక్కువ చూపిస్తుంది. వంపు దగ్గర 40–50 మీటర్లకి ఒక చుక్క పెట్టండి. వాచీలో కూడా రికార్డింగు 'స్మార్ట్' మీద ఉంటే వంపులు కోస్తుంది, సెకనుకోసారి రికార్డయ్యేలా మార్చండి. కాలువ గట్టు మీద కిలోమీటరు రాళ్ళు మిగిలి ఉన్నచోట అవి అన్నిటికన్నా నమ్మకం. లెక్క సుంకేసుల హెడ్ (కాలువ మొదలయ్యే చోటు) నుంచి ఉంటుంది, మీరు ఎగువకి పోతుంటే అంకె తగ్గుతూ వస్తుంది.

సీమ_రన్నరమ్మ
అందరూ గట్టు గట్టు అంటున్నారు, నెల చెప్పట్లేదు. కర్నూలులో దారిని నెలని బట్టి పట్టుకోవాల. కాలువలో నీళ్ళు పారుతుంటే గట్టంత అందం ఇంకోటి లేదు. కాలువ బంద్ చేసినాక ఊరి లోపలి ముక్క చూడండి, మడుగులు కట్టిన మురుగు, ప్లాస్టిక్కు, దోమలు. ముక్కు మూసుకుని పరుగెత్తే పని. నీళ్ళు లేని నెలల్లో ఊరి బయటికి బండి మీద పోయి, అక్కడ దిగి మొదలుపెట్టండి.

వినాయక చవితప్పుడు నిమజ్జనం కాలువ మీది వినాయక ఘాటు దగ్గరే. ముందు రోజు నుంచే బారికేడ్లు, క్రేన్లు వస్తాయి. తర్వాత రెండు మూడు రోజులు నీళ్ళల్లో చెక్కలు, ఇనుప తీగలు, గట్టు మీద కొబ్బరి చిప్పలు. ఆ వారం వేరే దారి చూసుకోండి.

తుంగతీరం
అక్కా, నెల గురించి బాగా చెప్పారు. ఘాట్లకీ అదే లెక్క. జూలై నుంచి అక్టోబరు దాకా పైన హోస్పేట దగ్గరి తుంగభద్ర డ్యాం నుంచి నీళ్ళు వదిలితే సుంకేసుల గేట్లు ఎత్తుతారు, ఇక్కడ మెట్లు మునుగుతాయి. సుంకేసుల బ్యారేజీలో ఆగేది 1.2 టీఎంసీలే, పైనుంచి వచ్చింది వచ్చినట్టు కిందికి వదలాల్సిందే. 2009 అక్టోబరు 2న వరదకి ఊరు ఎలా మునిగిందో ఇక్కడ అందరికీ తెలుసు. గేట్లు ఎత్తారన్న వార్త చూసిన రోజు ఘాటు వైపు పరుగు వద్దు, హంద్రీ పక్క దారులూ వద్దు.

నీళ్ళు తగ్గాక కూడా ఒక వారం ఆగండి. మెట్ల మీద బురద పల్చగా పరుచుకుని ఎండుతుంది, పైకి పొడిగా కనిపిస్తుంది, కింద పొర జారుతుంది. నీటి అంచున ఉండే రెండు మూడు మెట్లకి ఏడాది పొడవునా పాచి ఉంటుంది. మెట్ల మీద పైకీ కిందికీ సాధన చేసేవాళ్ళు పొడి మెట్లకే పరిమితం కావాలి.

సంకల్‌బాగ్ ఘాటుని నేనైతే పరుగు దారి అనను. మొదలుపెట్టడానికి, ముగించడానికి బాగుంటుంది. బండి పెట్టుకోవచ్చు, కాళ్ళు సాగదీసుకోవచ్చు, నీళ్ళుంటే తెల్లారగట్ల చూడముచ్చటగా ఉంటుంది. అంతే.

నల్లరేగడి
నేల గురించి ఎవరూ రాయలేదు. మన చుట్టుపక్కల సగం దారులు నల్లరేగడి. ఎండలో ఇటుకలా గట్టిగా ఉంటుంది, పైన నెర్రెలు. మడమ పట్టేంత నెర్రె కూడా ఉంటుంది, కాబట్టి మేలో పొలం దారుల్లో వేగం పెంచొద్దు.

వాన పడితే కథ మారిపోతుంది. తడి రేగడి మీద పది అడుగులు వేస్తే బూటు అడుగు కనపడదు. మట్టి పొర మీద పొర అంటుకుంటుంది, దాంట్లో గడ్డిపోచలు, రాళ్ళు ఇరుక్కుంటాయి, మడమ కింద గడ్డ కట్టి ఒక పక్కకి వాలుతుంది. ఒక కాలిది ఊడిపోతుంది, ఇంకో కాలిది ఊడదు. రెండు కాళ్ళ బరువు వేరైపోయి నడుం పట్టేస్తుంది. గీరడానికి పుల్ల వెతుక్కునే లోపు ఇంకో పొర. అదే గ్రావెల్ పోసిన గట్టయితే ఒక పూట ఎండ తగిలితే చాలు. రేగడికి మంచి ఎండ మూడు రోజులు కావాలి. సెప్టెంబరులో మబ్బు పట్టి ఉంటే మూడు రోజులు కూడా చాలవు.

బూట్ల విషయం: గ్రావెల్ గట్టుకి అడుగున 3–4 మి.మీ. పళ్ళున్నవి సరిపోతాయి. పళ్ళు మరీ లోతుగా, దగ్గర దగ్గరగా ఉంటే మట్టి వదలదు. మెత్తటి స్పాంజి అడుగు ఉన్న రోడ్డు బూట్లకి కంప ముల్లు శత్రువు. వేలెడు పొడవు ముల్లు అడుగు దాటి పాదంలోకి దిగుతుంది. పల్లేరు కాయ అంత లోతు దిగదు గానీ పళ్ళ సందుల్లో ఉండిపోయి ఇంట్లో గచ్చు మీద, ఆ తర్వాత ఇంట్లోవాళ్ళ కాళ్ళల్లో తేలుతుంది. గుమ్మం బయటే బూట్లు తిప్పి చూసి, కటింగ్ ప్లేయరుతో లాగేయండి. ముల్లు విరిగి అడుగులో మిగిలితే వేలితో నొక్కితే తెలుస్తుంది. దాన్ని వదిలేస్తే రోజూ కాస్త కాస్త పైకి వస్తుంది.

కొత్తగా_వచ్చా
చాలా ఉపయోగంగా ఉంది, అందరికీ థాంక్స్. రెండు సందేహాలు. ఒకటి, సుంకేసుల రోడ్డు మీదే పరుగెత్తితే ఏమవుతుంది? తారు రోడ్డు కదా, నేల బెడద ఉండదు. రెండు, నిజమైన నది దృశ్యం కావాలంటే ఆదివారం ఎక్కడికి పోవచ్చు?

గట్టుమీద_గాలి
సుంకేసుల రోడ్డు పరుగుకి పనికొస్తుంది, గానీ వెలుతురు వచ్చాకే. ఇసుక టిప్పర్లు, వెనక లైటు లేని ట్రాక్టర్ ట్రాలీలు. రోడ్డుకి కుడి పక్కన, ఎదురుగా వచ్చే బండి కనిపించేలా పరుగెత్తండి. పత్తి సీజన్లో ట్రాక్టరు లోడు రెండు పక్కలా బయటికి పొంగి ఉంటుంది, డ్రైవరుకి ఆ అంచు తెలియదు, మీరే మార్జిన్‌లోకి దిగాల. కోతలప్పుడు సగం రోడ్డు వడ్లు, మొక్కజొన్న ఆరబోస్తారు, చుట్టూ రాళ్ళు పెట్టి. ఆ గింజల మీద అడుగు వేయొద్దు. ఒకటి, రైతు కష్టం. రెండు, బూటు జారుతుంది.

మ్యాప్_పిచ్చి
రోడ్డు విషయంలో నేను గట్టుమీద_గాలితో పూర్తిగా ఏకీభవించను. వెలుతురు వచ్చాక రోడ్డు కన్నా గట్టే మేలు, వెలుతురు రాకముందు రెండూ వద్దు. ఇంకా రోడ్డు ఎత్తుపల్లాలు చూసుకోండి. కాలువని 1863–70 మధ్య తవ్వినప్పుడు పడవలు తిరగడానికి కూడా ఉద్దేశించారు, అందుకే వాలు కంటికి కనపడనంత తక్కువ. లాకుల (పడవల్ని ఒక మట్టం నుంచి ఇంకో మట్టానికి దాటించే గేట్ల) దగ్గర తప్ప నీటిమట్టం పెద్దగా మారదు. హాఫ్ మారథాన్ వేగంలో ఒకే తీరున పరుగెత్తే సాధనకి అంతకన్నా చదును దారి దొరకదు. వాచీ అక్కడ 40, 50 మీటర్లు ఎక్కినట్టు చూపిస్తే అది జీపీఎస్ తప్పు, పట్టించుకోకండి.

గాలి కూడా లెక్కలోకి తీసుకోండి. జూన్, జూలైలో పడమటి గాలి గట్టిగా వీస్తుంది. సుంకేసుల ఊరికి పడమటే ఉంది. కాబట్టి పోయేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వీపున గాలి. కాళ్ళు తాజాగా ఉన్నప్పుడే ఎదురుగాలి అయిపోతుంది, ఇది మంచి ఏర్పాటు. ఎండ మాత్రం తిరుగుదారిలో ముఖం మీద పడుతుంది. అంచున్న టోపీ పెట్టుకోండి.

తుంగతీరం
ఆదివారానికి మూడు చోట్లు.

సుంకేసుల బ్యారేజీ. ఊరి నుంచి 30 కి.మీ. లోపే. బ్యారేజీకి కోట్ల విజయభాస్కరరెడ్డి పేరు పెట్టారు. అవతలి ఒడ్డు రాజోలి, తెలంగాణ. నీళ్ళు నిండి ఉన్నప్పుడు వెనక వైపు సముద్రం చూసినట్టే. గేట్ల దగ్గర, నీళ్ళు వదిలే వైపు కిందికి దిగొద్దు, సైరన్ మోగాక నీళ్ళు రావడానికి ఎక్కువసేపు పట్టదు. బండి అక్కడ పెట్టి కాలువ హెడ్ రెగ్యులేటరు (కాలువలోకి నీళ్ళు వదిలే గేట్లు) నుంచి గట్టు పట్టుకుని కిందికి 5 పోయి 5 రండి. తోడుంటే బండి ఒకరు ముందుకు తెచ్చి పెట్టుకోవచ్చు, అప్పుడు 15 ఒకే దిక్కున పరుగెత్తొచ్చు.

అలంపురం. నది అవతల, తెలంగాణలో. సుమారు పాతిక కిలోమీటర్లు. జోగులాంబ గుడి, బాదామి చాళుక్యుల కాలపు నవబ్రహ్మ ఆలయాలు. ఊరు తుంగభద్రకి పడమటి ఒడ్డున ఉంది కాబట్టి పొద్దు నది మీదుగానే పొడుస్తుంది. శ్రీశైలం వెనక జలాలు ఊళ్ళోకి రాకుండా కట్టిన గోడ ఉంది, దాని మీదికి ఎక్కితేనే నది కనిపిస్తుంది. గుళ్ళ ఆవరణలో పరుగు పెట్టకండి, బయట పాపనాశి గుళ్ళ వైపు పోయే దారి చాలు. శుక్రవారం, పండగ రోజుల్లో, శివరాత్రికి జనం.

మూడోది పంచలింగాల ఒడ్డు. దగ్గరే గానీ చిక్కు వంతెన దగ్గర. హైదరాబాదు హైవే వంతెన మీద పరుగు వద్దే వద్దు. లారీ పక్కనుంచి పోతే గాలికి మనిషి ఊగుతాడు. బండి మీద దాటి అవతల దిగి మొదలుపెట్టండి.

సంగమేశ్వరం గురించి అడుగుతారేమో. శ్రీశైలం రిజర్వాయరు తగ్గిన నెలల్లోనే గుడి బయటపడుతుంది, అప్పుడు చుట్టూ ఒండ్రు. చూడ్డానికి పోండి, పరుగుకి కాదు.

ఉదయం_ఐదు
గుట్ట సంగతి మర్చిపోయారు. చదును దారుల మీదే తయారైనవాళ్ళు ఫ్లైఓవర్లున్న ఊళ్ళో పోటీకి పోయి తొడలు పట్టేసి కూర్చుంటారు. మనకి జగన్నాథగట్టు ఉంది. నంద్యాల వైపు, బి.తాండ్రపాడు పక్కన. శ్రీశైలం ముంపు నుంచి తరలించి తెచ్చిన రూపాల సంగమేశ్వరాలయం అక్కడే ఉంది, ట్రిపుల్ ఐటీ డీఎం కూడా ఆ గుట్ట మీదే. పైనుంచి ఊరంతా, వానలు పడ్డాక నీళ్ళు మెరిసే చెరువులు కనిపిస్తాయి.

సాధన ఇట్లా పెట్టుకోండి. ముందు వాలు లెక్కకట్టండి: ఎక్కిన మీటర్లని పోయిన మీటర్లతో భాగించి వందతో హెచ్చించాలి. 1000 మీటర్లలో 60 ఎక్కితే 6 శాతం. 5–7 శాతం ఉన్న 300 మీటర్ల ముక్క చూసుకుని, దాన్ని 6 సార్లు ఎక్కండి. దిగేటప్పుడు నడక. రెండు వారాల తర్వాత 8 సార్లు. ఎక్కేటప్పుడు వేగం చూడొద్దు, ఆఖరిసారి మొదటిసారంత సమయంలోనే అయితే సరిగ్గా చేసినట్టు. దిగేటప్పుడు పరుగెత్తితే మరుసటి రోజు తొడ ముందు భాగం నొప్పి. అది మొదటి నెల వద్దు. వారానికి ఒకసారి చాలు, మరుసటి రోజు పొడవు పరుగు పెట్టొద్దు.

తేలిక రోజుకి గార్గేయపురం నగరవనం. నందికొట్కూరు రోడ్డులో, చెరువు పక్కన. నడక దారి నీడగా ఉంటుంది. దూరం తక్కువ, టికెట్టు ఉంటుంది, తెరిచే వేళ చూసుకుని పోవాలి. ఓర్వకల్లు రాతివనం ఫోటోలకి బాగుంటుంది, రాళ్ళ మధ్య మడమ తిరిగే చోట పరుగు నేనైతే చెప్పను.

సీమ_రన్నరమ్మ
వేళ గురించి. మే నెలాఖరులో పొద్దు 5:45 ప్రాంతంలో పొడుస్తుంది, జనవరి మధ్యలో 6:50 దాకా రాదు. వెలుతురు అంతకు 20 నిమిషాల ముందే వస్తుంది. ఆడవాళ్ళకి నేను చెప్పేది, గట్టు మీద వెలుతురుతో పాటే అడుగు పెట్టండి, చీకట్లో కాదు. జనవరిలో 5కే లేచారంటే వెలుతురు వచ్చేదాకా ఊళ్ళో దీపాలున్న రోడ్డు మీద చేసి, తర్వాత గట్టెక్కండి. చెవిలో ఇయర్‌ఫోన్లు వద్దు. ఇంట్లో ఒకరికి వాట్సాప్ లైవ్ లొకేషన్ పెట్టండి. ఊరి బయట సిగ్నల్ పోయే ముక్కలున్నాయి, కాబట్టి ఎన్నింటికి తిరిగొస్తారో కూడా చెప్పి పోండి. లొకేషన్ చుక్క ఆగిపోయిందని ఇంట్లోవాళ్ళు కంగారు పడకుండా ఉంటారు.

మొదటిసారి పోయే దారిని ఆదివారం సాయంత్రం బైకు మీద ఒకసారి చూసి రండి. కుక్కలు ఎక్కడ పడుకుంటాయో, కల్లుదుకాణం ఎక్కడుందో, ఎక్కడ జనం తిరుగుతారో అప్పుడే తెలుస్తుంది. మ్యాప్‌లో ఇవి ఉండవు.

కొత్తగా_వచ్చా
కుక్కలు అన్నారు కాబట్టి అడుగుతున్నా, గట్టు మీద ఎదురైతే?

గట్టుమీద_గాలి
పరుగు ఆపేయండి. అది మొదటిది. పరుగెత్తే కాళ్ళనే తరుముతాయి. ముఖం దాని వైపే ఉంచి, కళ్ళల్లోకి చూడకుండా, పక్కకి నడవండి. వంగి రాయి తీసినట్టు చేస్తే చాలావరకు వెనక్కి తగ్గుతాయి. నిజంగా విసరొద్దు, గుంపు కమ్ముకుంటుంది. పొలం దగ్గరి కాపలా కుక్క ఆ పొలం హద్దు దాటాక వదిలేస్తుంది.

కరిస్తే గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీళ్ళతో 15 నిమిషాలు కడగాలి. కట్టు కట్టొద్దు, కారం, పసుపు పెట్టొద్దు. అదే రోజు టీకా. ప్రభుత్వ ఆసుపత్రుల్లో చర్మంలోకి ఇచ్చే టీకా 0, 3, 7, 28 రోజుల్లో ఉంటుంది. రక్తం వచ్చేలా కరిస్తే టీకాతో పాటు గాయం చుట్టూ ఇచ్చే సీరం (రేబిస్ విరుగుడు ఇంజెక్షన్) కూడా అడగండి.

పాము కాటుకి తాడు బిగించొద్దు, కోయొద్దు. కాలు కదలకుండా, బాధితుణ్ణి నడిపించకుండా 108కి ఫోన్. విరుగుడు మందు ఉండే ఆసుపత్రికే, కర్నూలు సర్వజన ఆసుపత్రి లాంటిదానికే తీసుకుపోండి.

ఇంకో ప్రమాదం ఎవరూ అనుకోనిది, కాలువలో జారడం. లైనింగు చేసిన చోట పక్కలు ఏటవాలు సిమెంటు, పాచి. ఈత వచ్చినా పైకి ఎక్కడం కుదరదు. ఎక్కాలని గోకుతూ అలిసిపోవద్దు. ప్రవాహంతో పాటు పోతూ మెట్లో, పశువులు దిగే రేవో, వంతెన దగ్గరి అంచో పట్టుకోవాలి. అందుకే నిండు కాలువ అప్పుడు గట్టుకి పొలం వైపు అంచున పరుగెత్తండి. సెల్ఫీకి నీళ్ళ వైపు దిగొద్దు.

ఉదయం_ఐదు
నీళ్ళ లెక్క. ఉదయం 45 నిమిషాల లోపు పరుగుకి చేతిలో సీసా అక్కర్లేదు, బయల్దేరే ముందు ఒక గ్లాసు తాగితే చాలు. గంట దాటితే 20 నిమిషాలకి 150 మి.లీ. ప్రాంతంలో. 500 మి.లీ. మెత్తటి సీసా రెండు ఉంటే 18 కి.మీ. గడుస్తుంది. గట్టు మీద నీళ్ళు దొరకవు. ఊళ్ళల్లో టీ బంకులు 5:30కి తెరిచి ఉంటాయని నమ్ముకోవద్దు.

ఓఆర్ఎస్ పొట్లం మీద ఎంత రాసి ఉంటే అన్ని నీళ్ళల్లోనే కలపండి, పెద్ద పొట్లానికి ఒక లీటరు. రుచి కోసమని సగం సీసాలో మొత్తం పొట్లం వేస్తే కడుపు తిప్పుతుంది. వట్టి నీళ్ళే లీటర్ల కొద్దీ తాగడం కూడా ప్రమాదం, ఒంట్లో ఉప్పు పల్చబడి తల తిరుగుతుంది. ఇంటికొచ్చాక ఉప్పేసిన మజ్జిగ అన్నిటికన్నా బాగా పనిచేస్తుంది. కొబ్బరినీళ్ళల్లో సోడియం తక్కువ, అది ఒక్కటే చాలదు.

ఏప్రిల్, మే నెలల్లో పగలు 42 దాటుతుంది, రాత్రి కూడా వేడి పూర్తిగా దిగదు. 6:45కల్లా ముగిసేలా పెట్టుకోండి, వేగం కిలోమీటరుకి 20–30 సెకన్లు వదులుకోండి. తోటివాడు తడబడుతూ, పొంతన లేకుండా మాట్లాడుతుంటే అది అలసట కాదు, వడదెబ్బ. నీడలో పడుకోబెట్టి ఒళ్ళంతా నీళ్ళు పోసి, మెడ, చంకలు, గజ్జల్లో తడిగుడ్డ పెట్టి, విసురుతూ 108కి చెప్పండి. చల్లబరచడం ముందు, బండి ఎక్కించడం తర్వాత. స్పృహ సరిగా లేనివాడికి నోట్లో నీళ్ళు పోయొద్దు.

హంద్రీ_గట్టు
హంద్రీ పక్క గురించి ఒక్క ముక్క. గోల్ గుమ్మజ్ చూడ్డానికి, కొండారెడ్డి బురుజు చుట్టూ తిరగడానికి తెల్లారగట్ల 5 కి.మీ. ఊరి రౌండు బాగుంటుంది, ట్రాఫిక్ మొదలవకముందు. బురుజు నుంచి రాజ్‌విహార్ మీదుగా తిప్పుకుంటే సరిపోతుంది. నదిలోకి మాత్రం దిగొద్దు, ఊరి మురుగంతా అందులోనే.

కొత్తగా_వచ్చా
సరే, ఇవన్నీ కలిపి వారం ఇలా వేసుకున్నా. మంగళవారం బురుజు రౌండు 6. గురువారం కాలువ గట్టు మీద 10, అందులో 5 పోటీ వేగంలో. శనివారం జగన్నాథగట్టు. ఆదివారం సుంకేసుల దగ్గర 16. తప్పులుంటే చెప్పండి.

ఉదయం_ఐదు
శనివారం గుట్ట, ఆదివారం 16 పక్కపక్కన పెట్టారు, పైనే వద్దన్నాను కదా బ్రదర్. గుట్టని మంగళవారానికి మార్చి, బురుజు రౌండుని శనివారం తేలిగ్గా 5 చేయండి. ఆదివారం 16 అంటే, ఇప్పుడు మీరు చేస్తున్న పొడవు పరుగుని ఒక్కసారిగా 2 కి.మీ. కన్నా ఎక్కువ పెంచొద్దు, ప్రతి నాలుగో వారం తగ్గించండి.

సీమ_రన్నరమ్మ
ఈ ఆదివారం సుంకేసుల పోయేటట్టయితే ముందు గేట్ల వార్త చూసుకోండి. రెండు రోజులుగా మబ్బు కూడా ఉంది, రేగడి ముక్క తడిగా ఉంటే హెడ్ రెగ్యులేటరు దగ్గర గ్రావెల్ మీదే 4 పోయి 4 వచ్చి, మళ్ళీ ఒకసారి అదే తిరగండి. 16 అయిపోతుంది. బండి బ్యారేజీ రోడ్డుకి అడ్డం పెట్టకండి, రాజోలి వైపు ఆటోలు పొద్దున్నే తిరుగుతాయి.